ఎక్కినంత బరువే దిగాలి

1
సోమవారం. పడమర గాలి, 19.

"అంకెలు రాయి, అభిప్రాయాలు రాయకు" అంటూ బుల్లబ్బాయి గారు ఈ పుస్తకం నా చేతికిచ్చారు. ఎవరి అభిప్రాయమూ లేకుండా పుట్టిన అంకెను నేనింతవరకూ చూడలేదు. అందుకని రెండూ రాస్తాను. కోపమొస్తే ఆయన చింపేసుకోవచ్చు.

నా పేరు మరిడమ్మ. ఎర్రమెట్ట రన్‌వే దగ్గర తూకం పని నాది. బుల్లబ్బాయి గారు ఇంజనీరు. మాకున్నది ఒకే విమానం, మూడో నంబరు. ఒకటీ రెండూ షెడ్డు వెనక బ్యాటరీ పెట్టెలు ఖాళీ చేయించుకుని గడ్డిలో కూర్చున్నాయి. మూడో నంబరుకి పైలట్ లేడు. బరువు తగ్గించాలనుకున్నప్పుడు అందరికంటే ముందు తీసేసింది పైలట్‌నే. అప్పటి నుంచి దారి అదే చూసుకుంటుంది. వచ్చేటప్పుడు చప్పుడుండదు. గడ్డిలో కోళ్ళు తలెత్తితే వచ్చిందని మాకు తెలుస్తుంది.

షెడ్డు గోడమీద పెద్ద అక్షరాలతో ఒకే మాట రాసి ఉంటుంది: ఎక్కినంత బరువే దిగాలి. నూనెతో ఎగిరిన పాత విమానాలు దారి పొడుగునా నూనె తాగుతూ తేలికవుతూ పోయేవట. కరెంటు విమానానికి ఆ సుఖం లేదు. బ్యాటరీ నిండుగా ఉన్నా, వట్టిపోయినా దాని బరువు దానిదే. అందుకే ఎక్కేముందు తూస్తాం, దిగాక తూస్తాం. రెండు అంకెలూ ఒకటి కాకపోతే దారిలో ఏదో జరిగిందని అర్థం. నేను చేరిన రెండేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఎనిమిది లంకల రేడియోలూ వాటంతటవే తెరుచుకుంటాయి. ఎండపలకల మీద నడుస్తాయి, అరగంటకి మూసుకుంటాయి. ఆ అరగంటలో ప్రతి లంకా తన మనుషుల బరువులు చెప్పాలి. తర్వాత నేను ఆ వారం పరిమితి చదువుతాను, అంటే మూడో నంబరు ఏ లంక నుంచి ఎన్ని కిలోలు మోయగలదో ఆ అంకె. ఇదివరకు పరిమితి బయటికి చెప్పేవారు కాదు. నేను చేరిన మొదటి నెలలోనే లంకల సంఘం సమావేశంలో బల్ల మీద చెయ్యి విరిగేట్టు కొట్టి సాధించాను. 'జనం అంకెలు జనానికి' అనే కరపత్రం అప్పటికే నాకు కంఠతా వచ్చు. విమానం ఎవరిని మోస్తుందో, ఎవరిని వదిలేస్తుందో చీకట్లో లెక్క కట్టే హక్కు ఎవరికీ లేదు.

చివర చెప్పేది కొసలంక. అందరికంటే దూరం, నూట పద్దెనిమిది కిలోమీటర్లు తూర్పుగా, సముద్రంలోకి. అక్కడ ఛార్జింగు పలకల్ని ఉప్పు తినేసింది. కాబట్టి ఒక్క ఛార్జితోనే పోవాలి, రావాలి. మధ్యలో నీళ్ళ కింద మునిగిన కొబ్బరితోటలు. మొదళ్ళు పడవ అడుగుల్ని చీరేస్తాయి, ఆ వైపు ఎవరూ పడవ వెయ్యరు. ఆ లంకలో మిగిలింది నలుగురు. పల్లాలమ్మ మామ్మ, ఆవిడ కొడుకు ఏడుకొండలు, కోడలు చిట్టెమ్మ, తొమ్మిదేళ్ళ మనవరాలు నీలవేణి. ఊటబావి ఉప్పయిపోయింది. తొట్టిలో పట్టుకున్న వాననీళ్ళు ఇంకో నెలకి సరిపోతాయి.

వాళ్ళ తూకం మిషను పాతకాలపు రైల్వే స్టేషన్‌లోది. మనిషి ఎక్కితేనే మాట్లాడుతుంది, ఎక్కకపోతే మూగది. మైకు దాని పక్కనే పెడతారు. ముందు కాలు పెట్టే చెక్క కిర్రుమంటుంది, తర్వాత ఆ మిషను ఆడగొంతు.

"యాభై ఎనిమిది కిలోలు. ధన్యవాదాలు."

అది ఏడుకొండలు. చిట్టెమ్మ నలభై తొమ్మిది. నీలవేణి ఇరవై నాలుగు. ఆఖరున మామ్మ, యాభై రెండు. మొత్తం నూట ఎనభై మూడు.

కొసలంకకి ఈ వారం పరిమితి 183.

సరిగ్గా సరిపోయిందని చెప్పాను. మామ్మ నవ్వింది. "ఒసేయ్ మరిడీ, నా కోసం కుట్టిన జాకెట్టులాగుందే నీ లెక్క" అంది.

2
మంగళవారం. పడమర గాలి, 22.

లంకల సంఘం కూర్చుంది. కొసలంకకి ప్రయాణం ఒద్దన్నారు. నేను లేచాను. ఏమేం అన్నానో అన్నీ రాస్తే ఈ పుస్తకం బుల్లబ్బాయి గారు నిజంగానే చింపేస్తారు. "నూనె దొరలు పోయారు, కరెంటు దొరలు వచ్చారు" అన్నది మాత్రం రాసుకుంటున్నాను. అది బాగా కుదిరింది.

బుల్లబ్బాయి గారు నేను కూర్చునేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పారు. అంత దూరం పోయి వస్తే బ్యాటరీ అడుగంటా ఊడుస్తుంది. అలా ఊడ్చిన ప్రతిసారీ దాని ఆయుష్షు ఒక మెట్టు దిగుతుంది. మిగతా ఏడు లంకల మందులు, కాన్పులు ఈ బ్యాటరీ మీదే ఉన్నాయి. కొసలంకకి ఒక్కసారి పంపగలం, రెండోసారికి మాట ఇవ్వలేం. బ్యాటరీ ముసలిదైపోతోంది కాబట్టి పరిమితి వారం వారం మూడు నాలుగు కిలోలు పడిపోతుంది. అది ఎవరి తప్పూ కాదు.

చివరికి ఒప్పుకున్నారు. ఒక్క ప్రయాణం. నలుగురూ ఒకేసారి. గాలి పన్నెండు లోపు ఉన్న రోజున. బరువు పరిమితి లోపల.

గాలి పన్నెండుకి దిగే సూచనలు ఇప్పట్లో లేవు.

3
సోమవారం. పడమర గాలి, 20.

కొసలంక పరిమితి 180.

ఏడుకొండలు 58. చిట్టెమ్మ 49. నీలవేణి 24. మామ్మ 49. మొత్తం 180.

మళ్ళీ సరిగ్గా సరిపోయింది. నేను రేడియోలో చప్పట్లు కొట్టాను. తర్వాత పుస్తకంలోకి ఎక్కిస్తుంటే ఒక సంగతి తట్టింది. గతవారం పరిమితి చదివేటప్పుడు అలవాటు కొద్దీ వచ్చేవారం అంచనా కూడా చదివాను. 180 అని.

4
గురువారం. పడమర గాలి, 24.

ఇవాళ విమానంలో బోర్డు తుడిచాను. ఆ బోర్డు నా ఇంకో గెలుపు. అంతకుముందు విమానంలో కూర్చున్నవాళ్ళకి ఏమీ కనిపించేది కాదు, మూసిన పెట్టెలో సరుకులా వచ్చేవారు. నేను పోట్లాడి ముందు గోడకి బోర్డు పెట్టించాను. మూడు వరసలు. మిగిలిన ఛార్జి, కావలసిన ఛార్జి, ఎక్కువ బరువు. రెండో అంకె మొదటిదాన్ని మించితే మూడో వరస ఎర్రగా వెలిగి, ఎన్ని కిలోలు ఎక్కువయ్యాయో చూపిస్తుంది. అలాంటిదే ఇంకోటి షెడ్డులో నా బల్ల ఎదురుగా ఉంది.

అప్పట్లో సంఘంలో బుల్లబ్బాయి గారు తల అడ్డంగా ఊపారు. "తెలిసి ఏం చేత్తారే పైన? దిగిపోతారా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తెలుసుకోవడమే హక్కు, ఏం చేస్తారన్నది తర్వాతి సంగతి అన్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట నెగ్గింది. దాపుడు ఛార్జి. ప్రతి ప్రయాణంలోనూ ఇరవై నిమిషాలకి సరిపడా ఛార్జిని లెక్కలోకి రాకుండా పక్కన పెడతారు. గాలి మారినా, దిగేచోట అడ్డం వచ్చినా అదే దిక్కు. దాని అంకె బోర్డు మీద రాకూడదన్నారు. "జనానికి తెలిస్తే అది దాపుడు కాదమ్మాయ్, ఇంకో బస్తా. ఎక్కించేత్తారు" అన్నారు. బోర్డు రావడమే గొప్ప అనుకుని సరేనన్నాను. నాలుగో వరస లేకుండానే బిగించారు.

5
సోమవారం. పడమర గాలి, 18.

పరిమితి 176. ఏడుకొండలు 58, చిట్టెమ్మ 49, నీలవేణి 24.

మామ్మ 45.

ఈసారి చప్పట్లు కొట్టలేదు. ముగ్గురి బరువూ కదలడం లేదు. కదిలేది ఒక్కటే, అదీ పరిమితి ఎంత దిగితే అంత, కిలో అటూ ఇటూ లేకుండా. అడిగేశాను. "మామ్మా, తింటున్నావా?"

"తింటన్నానే. సరిపడా తింటన్నాను" అంది.

రేడియో మూసుకున్నాక బుల్లబ్బాయి గారి మీద విరుచుకుపడ్డాను. ఆయన బల్ల మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. "నేనేం చేశానే? అంకె చెప్పేది నువ్వు కదా" అన్నారు.

6
మంగళవారం. పడమర గాలి, 18.

నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. పరిమితి చదవడం మానేస్తేనో? కరపత్రం తీసి మళ్ళీ చదివాను. మేలు కోసమే దాచానని చెప్పని దొర చరిత్రలో లేడని అందులో ఉంది. ఆ వాక్యం కింద పదహారేళ్ళప్పుడు నేనే గీత గీశాను.

వాళ్ళ రేడియో సోమవారం తప్ప తనంతట తెరుచుకోదు. ఎండ బాగా ఉంటే వాళ్ళే తెరవొచ్చు. మధ్యాహ్నం అలాగే తెరిచింది మామ్మ. నా మనసులో మాట విన్నట్టు మొదలుపెట్టింది.

"ఒసేయ్, అంకె చెప్పడం మానెయ్యాలనుకుంటన్నావు గాబోలు. మానేత్తే ఏమవుద్దో తెలుసా? ఎంతకి దిగాలో తెలీక ఇంకా దిగిపోతాను. చెప్పు. నీ అంకె దగ్గర నేను ఆగుతాను."

ఆవిడకి చదువు రాదు. అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. సోమవారాల తూకాలే ఆవిడకి నేర్పాయి. అంటే నేనే నేర్పాను.

7
శుక్రవారం. పడమర గాలి, 16.

అంకెను ఆపలేను, విమానాన్ని తేలిక చెయ్యగలను. రెండు రోజులుగా రెంచీ వదల్లేదు. నాలుగు సీట్లూ పీకేశాను. తలుపు లోపలి అట్ట, అడుగున పరిచిన రబ్బరు, మనిషితో మాట్లాడే చిన్న రేడియో, దాని తీగలు, దాని బ్యాటరీ, తలుపు మీది రెండో గడియ కూడా. అన్నీ గడ్డిలో పోగుపెట్టి తూచాను. పదకొండు కిలోలు.

రేడియో చూసి బుల్లబ్బాయి గారు ఆగారు. పైనున్న వాళ్ళతో మాట్లాడాలంటే ఎలా అని అడిగారు. బోర్డు ఉంది కదా అన్నాను. అన్నీ అదే చెబుతుంది.

8
సోమవారం. పడమర గాలి, 15.

పరిమితి 173. బ్యాటరీ ఈ వారం ఒక్కసారిగా పద్నాలుగు కిలోలు జారింది, నేను తగ్గించిన పదకొండూ అందులోనే పోయాయి. మామ్మ 42.

మిషను గొంతు ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. ఆవిడ గొంతే పలచబడింది. వేరే గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది. చిట్టెమ్మ మైకు దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది. తొట్టిలో నీళ్ళు తొమ్మిది రోజులకున్నాయి. అత్తగారు తన వంతు పాప కుండలో పోసేస్తోంది. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది, లెక్క పూర్తవ్వగానే లేచిపోతోంది. పొద్దునా సాయంత్రం వెళ్ళి ఆ చెక్క మీద నిలబడుతోంది. మిషను అంకె చెబితే తల ఊపి దిగుతోంది.

"నాకు ఆ మిషను గొంతు వింటంటే భయవేత్తందండి" అంది చిట్టెమ్మ. "ఆవిడతోటే మాట్లాడతన్నట్టు ఉంటది."

9
సోమవారం. గాలి 9.

పొద్దున లేచేసరికి గడ్డి కదలడం లేదు.

పరిమితి 169. నేను పీకిన పదకొండు కిలోలు లేకపోతే 158 అయ్యేది. మామ్మ 38. మొత్తం 169.

తొమ్మిదిన్నరకి మూడో నంబరుని వదిలాం. గాలి వీపున పడి తొందరగానే చేరింది. పది పదికి కొసలంక ఇసుక మీద దిగింది. ఎక్కారు. చక్రాల్లోని తూకం ఇక్కడికి పంపింది: 169. తలుపు పడింది. పది ఇరవై ఐదుకి లేచింది. షెడ్డులో నేను పాట అందుకున్నాను. బుల్లబ్బాయి గారు బయటికి వెళ్ళి గాలి దిక్కు చూపే సంచీ చూసి వచ్చారు.

పది నలభైకి గాలి 14. పది నలభై ఐదుకి 21. ఎదురుగాలి. నా ఎదుట బోర్డు మీద మూడో వరస వెలిగింది. ఎక్కువ బరువు: 12.

తర్వాత 20. తర్వాత 29. పైన ఉన్నవాళ్ళకీ అదే కనిపిస్తూ ఉంటుంది, నాకెంత ఎర్రగా కనిపిస్తోందో అంత ఎర్రగా. దాపుడు ఉంది, భయం లేదని బుల్లబ్బాయి గారు అన్నారు. అది నాకు తెలుసు. ఆయనకి తెలుసు. చెప్పడానికి రేడియో గడ్డిలో ఉంది.

36.

బోర్డు పక్కన, విమానం తలుపు తెరుచుకుంటే చెప్పే దీపం ఎర్రగా వెలిగింది. నాలుగు సెకన్లు. ఆరిపోయింది.

బోర్డు మీద అంకె గిర్రున తిరిగి రెండు తక్కువ అని చూపించింది, పచ్చగా.

గాలి తగ్గిందని అరిచాను. అవును, అరిచాను. కుర్చీలోంచి లేచి చేతులెత్తి అరిచాను. అది ఇక్కడ రాసి ఉండాలి. బుల్లబ్బాయి గారు నా వైపు చూడకుండా గాలి వేగం చూపే యంత్రం వైపు చూశారు. దాని మీద 24 ఉంది.

పదకొండు ఇరవై ఐదుకి కోళ్ళు తలెత్తాయి.

దిగిన తూకం: 131.

10
మంగళవారం. గాలి రాయలేదు.

నిన్న మిగతాది రాయలేకపోయాను. జరిగినది వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

సీట్లు లేవు కాబట్టి కిందే కూర్చున్నారు. మామ్మ తలుపు పక్క చోటు అడిగి తీసుకుంది, గాలి కావాలంది. ఎర్ర వరస వెలిగాక మనవరాలి చేత చదివించుకుంది. ఎక్కువ బరువు పన్నెండు అని చదివింది నీలవేణి. తర్వాతి అంకెలు మామ్మే చదువుకుంది, పైకి. ముప్పై ఆరు దగ్గర ఆగింది. ముప్పై ఆరా అని ఒకసారి అనుకుని, నవ్వినట్టు చేసిందట. పాపని ఎడమ కిటికీకి తిప్పి, కింద మునిగిన కొబ్బరి మొదళ్ళు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టమంది. చేతి గాజులు రెండూ తీసి పాపకి తొడగబోయింది. ఒక్కక్షణం ఆగి, బరువు గుర్తొచ్చినట్టు, మళ్ళీ తన చేతికే వేసుకుంది.

అత్తగారు గాజులు సర్దుకుంటోందని చిట్టెమ్మ అనుకుంది. ఏడుకొండలు ముందు వైపు బోర్డునే చూస్తున్నాడు. తలుపు శబ్దానికి వెనక్కి తిరిగేసరికి అది మళ్ళీ మూసుకుంటోంది. విమానం చిన్నగా పైకి లేచినట్టయింది అన్నాడు. ఆ మాట మూడుసార్లు అన్నాడు.

నీలవేణి పదహారు దాకా లెక్కపెట్టింది. పదహారు, పదహారు అని నాతో కూడా చెప్పింది. చెప్పేందుకు నాన్నమ్మ ఏదీ అని అడిగింది.

మధ్యాహ్నం బుల్లబ్బాయి గారు బ్యాటరీ విప్పి చూశారు. దాపుడులో పదకొండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. కాగితం మీద చాలాసేపు లెక్క కట్టారు, కొట్టేశారు, మళ్ళీ కట్టారు. ఆ కాగితాన్ని నా ముందుకి జరిపారు. ఆవిడ ఉన్నా చేరేది. ఎనిమిది నిమిషాలు మిగిలేవి.

నేను ఆయన మీద అరుస్తానని ఎదురుచూశారు. అరవలేదు. నా కోపం ఎప్పుడూ ఎదుటివాళ్ళ వైపే నడిచేది, నిన్నటి నుంచి దానికి దారి తెలియడం లేదు. ప్రతి అంకే చెప్పాలన్నదాన్ని నేను. ఒక్క అంకె దాచడానికి ఒప్పుకున్నదాన్నీ నేనే.

"బోర్డు తీసెయ్యమంటారా?" అని అడిగాను.

ఆయన "నాకు తెలీదే" అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఇంజనీరు. ఆ మాట ఆయన నోట నేను ఇదివరకు వినలేదు.

11
శనివారం. పడమర గాలి, 17.

సంఘం వాళ్ళు వచ్చి బోర్డు పీకేయమన్నారు. అందులో ఒకాయన, జనానికి అన్నీ చెబితే ఇలాగే ఉంటుంది అన్నాడు. ఒకప్పుడైతే అతని చొక్కా పట్టుకునేదాన్ని. అతను వెళ్ళేదాకా నిలబడి, తర్వాత విమానం ఎక్కి బోర్డుకి నాలుగో వరస బిగించాను. దాపుడు: ఇరవై నిమిషాలు. బుల్లబ్బాయి గారు కింద నుంచి స్క్రూలు అందించారు.

ఏడుకొండలు కుటుంబానికి షెడ్డు పక్క గది ఇచ్చాం. అన్నం పెడుతున్నాం. తింటున్నారు కానీ తినేముందు ముగ్గురూ నా వైపు చూస్తారు. ఏమిటని అడిగితే తల దించుకుంటారు. ఇవాళ చిట్టెమ్మ అడిగేసింది, ఈ వారం ఎంతండీ అని.

ఎంతేమిటి, మీరు వచ్చేశారు కదా అన్నాను.

అవునండి, అంది. ముద్ద ఎత్తి, చేతిలోనే తూచినట్టు చూసి, సగం పళ్ళెంలో పెట్టేసింది. నీలవేణి కూడా అలాగే సగం పెట్టేసింది.

ఇక్కడి తూకం మిషను మీదికి మాత్రం ఆ పిల్లను ఎక్కించలేకపోతున్నాం. చెక్క దగ్గరికి తీసుకెళితే కాళ్ళు ముడుచుకుంటుంది.

12
సోమవారం. గాలి 7.

తొమ్మిదింటికి రేడియోలు తెరుచుకున్నాయి. ఏడు లంకలు బరువులు చెప్పాయి. తర్వాత పరిమితి చదివాను. మొదటిసారి దాపుడు కూడా చదివాను, ఏ లంకకి ఎన్ని నిమిషాలో, అది ఎందుకో, ఎప్పుడు ముట్టుకోవచ్చో. ఒక లంక ఆయన, ఇన్నాళ్ళూ ఇది ఉందా అండి అన్నాడు. ఉందన్నాను.

కొసలంక రేడియో ఆపాలని ఎవరికీ తట్టలేదు. అక్కడ ఎవరూ లేకపోయినా అది తనంతట తనే తెరుచుకుంది. సముద్రం శబ్దం, పైకప్పు రేకు టపటపా. అరగంట అయ్యేదాకా వదిలేద్దామని పెన్నుకి మూతపెట్టాను. ఏడుకొండలు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. బుల్లబ్బాయి గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

చెక్క కిర్రుమంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. రెండేళ్ళుగా విన్నాను. ఏడుకొండలికి నాకంటే బాగా తెలుసు. గుమ్మం పట్టుకున్నాడు.

మిషను మాట్లాడింది. మనిషి ఎక్కితే తప్ప మాట్లాడని మిషను.

"సున్నా కిలోలు. ధన్యవాదాలు."

గాలి అయి ఉంటుందన్నారు బుల్లబ్బాయి గారు. తర్వాత ఆయన కళ్ళే గాలి యంత్రం వైపు వెళ్ళాయి. ఏడు. ఆ మాట మళ్ళీ అనలేదు.

చెక్క దిగిన చప్పుడు రాలేదు. రేకు కూడా ఆగింది. అవతల ఏదో ఎదురుచూస్తున్నట్టు ఉంది. ఎక్కాక ఆవిడ ఎప్పుడూ అలాగే నిలబడి ఉండేది. నేను అంకె చదివేదాకా దిగేది కాదు.

పుస్తకం తెరిచాను. నియమం ప్రకారం బరువు చెప్పిన లంకకి పరిమితి చదవాలి. కొసలంక వరసలో పల్లాలమ్మ అని రాసి, ఎదురుగా సున్నా వేశాను. బుల్లబ్బాయి గారు చూశారు, కొట్టెయ్యలేదు. మైకు దగ్గరికి జరిగాను.

"మామ్మా. పరిమితి నూట అరవై ఆరు" అన్నాను. "ఆ రోజు నీకు చెప్పని అంకె ఒకటి ఉంది. దాపుడు ఇరవై నిమిషాలు. నువ్వు కూర్చుని ఉన్నా ఎనిమిది మిగిలేవి."

సముద్రం దూరం జరిగినట్టయింది.

అప్పుడు, మెల్లగా, ఎవరో ఒక్కో కాలూ దింపినట్టు, చెక్క కిర్రుమంది.